మాయలో గడ్డ: మంచిదే అయినా కన్నేసి ఉంచాల్సిందే!

‘క్యాన్సర్‌ కాదు’ అనే మాట వినగానే హమ్మయ్య అనుకుంటాం. కానీ గర్భిణి మాయలో తలెత్తే కోరియోఆంజియోమా గడ్డ విషయంలో ఆ ఒక్క మాటతో సరిపెట్టుకోవటానికి లేదు. చాలామందిలో ఇది ఏ హానీ చేయదు. కొందరిలో మాత్రం బిడ్డ రక్తాన్ని తనవైపు తిప్పుకొని, ఆ చిట్టి గుండెను అలసిపోయేలా చేస్తుంది. ఏది ఏ రకమో తేల్చి చెప్పేవి క్రమం తప్పని స్కాన్లే.

అయిదో నెలలో చేసే టిఫా స్కాన్‌ అంటే అందరి దృష్టీ బిడ్డ మీదే ఉంటుంది. తల, వెన్ను, గుండె, కాళ్లూచేతులూ సరిగా ఉన్నాయని డాక్టర్‌ చెబితే చాలు, ఇంట్లో పండగే. అయితే అదే రిపోర్టులో అరుదుగా ‘మాయలో కణితి ఉంది, మళ్లీ పరీక్షించాలి’ అనే మాట కనిపిస్తుంటుంది. అప్పుడు ఇళ్లలో రెండు రకాల స్పందనలు మొదలవుతాయి. కణితి అనగానే క్యాన్సరేనని హడలిపోయి, గర్భం తీయించుకోవాలా అని అడిగేవారు కొందరు. ‘మామూలు గడ్డే’ అని తెలియగానే తర్వాతి స్కాన్‌కు వెళ్లటమే మానేసేవారు మరికొందరు. మొదటిది అనవసర భయం. రెండోది అంతకన్నా ప్రమాదకరమైన ధీమా.

నిజానికి ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ‘క్యాన్సరా, కాదా?’ అని కాదు. ‘గడ్డ ఎంత పెద్దగా ఉంది? బిడ్డ రక్తాన్ని ఎంత లాగేసుకుంటోంది?’ అని. పరీక్షలూ, చికిత్సలూ అన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

మాయ చేసే పనేంటి?

కాన్పయ్యాక బయటపడే వ్యర్థంగానే మనం మాయను చూస్తుంటాం. కానీ తొమ్మిది నెలలూ బిడ్డకు ఊపిరితిత్తులు, పేగులు, కిడ్నీలు అన్నీ అదే. నెలలు నిండేసరికి ఇది సుమారు అరకిలో బరువుతో, దాదాపు జానెడు వెడల్పున గుండ్రటి రొట్టెలా ఉంటుంది. ఒకవైపు గర్భసంచి గోడకు అతుక్కొని ఉంటుంది. రెండో వైపు నుంచి బొడ్డుతాడు బయల్దేరి బిడ్డకు చేరుతుంది.

బొడ్డుతాడులో మూడు రక్తనాళాలుంటాయి. వీటిలో రెండు ధమనులు. ఇవి బిడ్డ ఒంట్లోని రక్తాన్ని మాయకు తీసుకొస్తాయి. అక్కడ ఆ రక్తం సన్నటి కొమ్మల్లాంటి నాళాల్లోకి చీలిపోయి, తల్లి రక్తం నుంచి ఆక్సిజన్‌నూ పోషకాలనూ తీసుకుంటుంది. తర్వాత మూడో నాళం ద్వారా తిరిగి బిడ్డకు చేరుకుంటుంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం పక్కపక్కనే పారుతున్నా మామూలుగా నేరుగా కలవవు. మధ్యలో పలుచటి పొర అడ్డుంటుంది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన విషయం ఒకటుంది. బిడ్డ రక్తాన్ని మాయ వరకూ నెట్టేది తల్లి గుండె కాదు, బిడ్డ గుండే. మాయలో బిడ్డ వైపు రక్తనాళాల్లో ఏ తేడా వచ్చినా ఆ భారం ముందుగా పడేది దాని మీదే.

ఏమిటీ కోరియోఆంజియోమా?

మాయలోని బిడ్డ వైపు రక్తనాళాలు ఒకచోట అతిగా పెరిగి, గుత్తులా ముద్దకట్టటం వల్ల ఏర్పడే గడ్డ ఇది. కొందరు పసిపిల్లల చర్మం మీద ఎర్రటి రక్తనాళాల మచ్చలు ఉబ్బెత్తుగా కనిపిస్తుంటాయి కదా. దాదాపు అలాంటిదే మాయలో ఏర్పడితే కోరియోఆంజియోమా అంటారు. ఇది క్యాన్సర్‌ కాదు. తల్లి ఒంట్లోకో, బిడ్డ ఒంట్లోకో పాకదు. కాన్పు తర్వాత మాయతో పాటే బయటకు వచ్చేస్తుంది.

దీని గురించి వైద్యులకు తెలిసి రెండు శతాబ్దాలు దాటింది. 1798లోనే క్లార్క్‌ అనే వైద్యుడు దీన్ని తొలిసారి వర్ణించారు. మాయలో వచ్చే హానికరం కాని కణితుల్లో అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. కాన్పు తర్వాత మాయలను మైక్రోస్కోపు కింద జాగ్రత్తగా పరిశీలిస్తే, సుమారు 100లో ఒకదానిలో ఇలాంటి గడ్డ కనిపిస్తుందని అంచనా. అంటే మనకు తెలియకుండానే ఎంతోమంది తల్లులు చిన్నచిన్న గడ్డలతోనే గర్భం మోసి, ఆరోగ్యకరమైన బిడ్డల్ని కంటున్నారన్నమాట.

ఇబ్బందులు తెచ్చిపెట్టేవి పెద్ద గడ్డలు. సాధారణంగా 4-5 సెం.మీ.లు, అంటే ఓ మోస్తరు నిమ్మకాయ కన్నా పెద్దగా ఉన్నవాటిని ఈ కోవలోకి చేరుస్తారు. ఇవి అరుదు. సుమారు 3,500 నుంచి 9,000 కాన్పుల్లో ఒకరికి కనిపిస్తాయి.

ముత్యాల గర్భం వేరు, ఇది వేరు

మాయలో గడ్డ అనగానే కొందరు ముత్యాల గర్భమేమోనని భయపడుతుంటారు. రెండింటికీ పోలికే లేదు. ముత్యాల గర్భంలో మాయ కణజాలమే అస్తవ్యస్తంగా ఎదిగి, నీటి బుడగల గుత్తిలా మారుతుంది. చాలావరకు అందులో బిడ్డ సరిగా ఏర్పడదు. దాన్ని తొలగించాల్సి ఉంటుంది. కొందరిలో అది క్యాన్సర్‌గానూ మారొచ్చు కాబట్టి తర్వాత కొన్ని నెలల పాటు రక్తపరీక్షలు చేస్తుంటారు. కోరియోఆంజియోమాలో మాయ మామూలుగానే ఉంటుంది, బిడ్డా మామూలుగానే ఎదుగుతుంటుంది. మాయలో ఒకచోట గడ్డ ఉంటుందంతే. కాబట్టి గడ్డ కనిపించిందని గర్భం తీసేయాలని తొందరపడొద్దు.

ఎవరికి రావొచ్చు?

ఇది ఎందుకు వస్తుందో చెప్పే ఒకే ఒక్క కారణమంటూ లేదు. వయసు మీరాక గర్భం దాల్చినవారిలో, అధిక రక్తపోటు, మధుమేహం ఉన్నవారిలో, కవలల గర్భాల్లో కొంత ఎక్కువగా కనిపిస్తుంది. సముద్రమట్టానికి చాలా ఎత్తైన కొండ ప్రాంతాల్లోనూ ఎక్కువే. అక్కడి గాలిలో ఆక్సిజన్‌ తక్కువగా ఉండటం వల్ల, దాన్ని అందిపుచ్చుకోవటానికి మాయ రక్తనాళాలు అతిగా పెరగటమే ఇందుకు కారణం కావొచ్చని భావిస్తున్నారు.

కడుపులో ఆడబిడ్డ ఉన్నప్పుడు కాస్త ఎక్కువగా కనిపిస్తుందనే పరిశీలనా ఉంది. అంతమాత్రాన గడ్డ ఉందంటే ఆడపిల్లేనని లెక్కలు కట్టటం తప్పు. మగబిడ్డల మాయల్లోనూ ఇది వస్తుంది. పైగా పుట్టబోయేది ఎవరో తెలుసుకోవటం, చెప్పటం రెండూ చట్టప్రకారం నేరమే.

ఒక్క విషయం మాత్రం స్పష్టం. తల్లి ఏదో తిన్నందుకో, బరువు ఎత్తినందుకో, గ్రహణం రోజున బయటికి వెళ్లినందుకో వచ్చేది కాదిది. కోడలినో కూతురినో ఇందుకు నిందించటం అన్యాయం.

బిడ్డకు భారం ఎలా అవుతుంది?

ఆరో నెల దగ్గరపడేసరికి, అంటే 24 వారాలప్పుడు బిడ్డ బరువు సుమారు 600 గ్రాములుంటుంది. బిడ్డ ఒంట్లో, మాయలో కలిపి తిరిగే రక్తమంతా పోసినా చిన్న టీ గ్లాసు నిండుతుందేమో. గడ్డ పెద్దగా ఉండి, దానికి లావాటి రక్తనాళం ఒకటి అందుతోందనుకోండి. ఆ కొద్దిపాటి రక్తంలోంచే చాలా భాగం అటు మళ్లిపోతుంది.

పొలానికి వెళ్లాల్సిన కాలువకు మధ్యలో గండి పడితే ఏమవుతుంది? నీళ్లు సులువైన దారి వెతుక్కొని అటే పోతాయి. గడ్డలోనూ ఇదే జరుగుతుంది. దాని నాళాలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి రక్తం అందులోకి తేలికగా దూసుకుపోయి, సరిగా ఆక్సిజన్‌ అందుకోకుండానే వెనక్కి వచ్చేస్తుంది. లోటును పూడ్చటానికి బిడ్డ గుండె మరింత బలంగా, మరింత ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. ఇలా రోజుల తరబడి పరుగు పెట్టిన గుండె పెద్దగా అవుతుంది. చివరికి అలసిపోతుంది.

దీనికి రక్తహీనత కూడా తోడవ్వచ్చు. గడ్డలోని వంకరటింకర నాళాల్లోంచి వెళ్లేటప్పుడు ఎర్రరక్తకణాలు చితికిపోతుంటాయి. రక్తం గడ్డకట్టటానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు అక్కడే చిక్కుకొని ఖర్చయిపోతుంటాయి. కొందరిలో బిడ్డ రక్తం కొంచెం కొంచెంగా తల్లి రక్తంలోకి జారిపోతుంటుంది. రక్తం పలుచబడితే గుండె ఇంకా వేగంగా పనిచేయాల్సి వస్తుంది. ఈ భారాలన్నీ కలిసినప్పుడు బిడ్డ పొట్టలో, గుండె చుట్టూ, ఊపిరితిత్తుల చుట్టూ, చర్మం కింద నీరు చేరుతుంది. దీన్నే హైడ్రాప్స్‌ అంటారు. ఇది చాలా ప్రమాదకరమైన దశ. సకాలంలో గుర్తించకపోతే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు. కొందరు బిడ్డలు ఇంత దాకా రాకపోయినా, సరిపడా పోషణ అందక బరువు పెరగకుండా ఉండిపోతారు.

రక్తహీనత దగ్గరే చాలామంది పొరబడుతుంటారు. బిడ్డకు రక్తం తక్కువగా ఉందని చెప్పగానే తల్లికి ఐరన్‌ మాత్రలు, దానిమ్మ, బీట్‌రూట్‌ రసాలు పెంచేస్తుంటారు. ఇది తల్లి రక్తహీనత కాదు. తల్లి హిమోగ్లోబిన్‌ 12 ఉన్నా కూడా లోపల బిడ్డ రక్తం పలుచబడి ఉండొచ్చు. తల్లికి డాక్టర్‌ రాసిన ఐరన్‌ మాత్రలు మామూలుగానే వేసుకోవాలి. కానీ వాటితో గడ్డ వల్ల బిడ్డకు వచ్చిన రక్తహీనత తగ్గదు.

తల్లికి ఏమవుతుంది?

తల్లిలో మొట్టమొదట కనిపించే తేడా పొట్ట సైజే. గడ్డ రక్తనాళాల నుంచి ద్రవం ఊరటం, రక్తప్రవాహం ఉద్ధృతమై బిడ్డ ఎక్కువగా మూత్రం పోయటం... ఇలాంటి కారణాలతో ఉమ్మనీరు బాగా పెరిగిపోతుంది. ఆరో నెలలోనే ఎనిమిదో నెల కడుపులా కనిపిస్తుంది. ‘కవలలేమో’ అని ఇరుగుపొరుగు నవ్వుతూ అన్నా, దాన్ని తేలికగా తీసుకోవద్దు. కొద్దిరోజుల్లోనే పొట్ట గబగబా పెరగటం, చర్మం బిగుసుకుపోవటం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం రావటం ఉమ్మనీరు పెరిగిందనటానికి గుర్తులు.

ఉమ్మనీరు ఎక్కువైతే గర్భసంచి సాగిపోయి, నెలలు నిండకముందే నొప్పులు మొదలుకావొచ్చు. ఉమ్మనీటి సంచి ముందే పగిలిపోవచ్చు. అలా నీరంతా ఒక్కసారిగా పోయినప్పుడు మాయ గర్భసంచి గోడ నుంచి విడిపోయి, తీవ్రంగా రక్తస్రావం కావొచ్చు. నీటిలో అటూఇటూ తేలుతుండటం వల్ల బిడ్డ అడ్డంగానో, ఎదురుకాళ్లతోనో ఉండిపోయే అవకాశమూ ఎక్కువే. కాన్పు తర్వాత అతిగా సాగిన గర్భసంచి సరిగా ముడుచుకోక రక్తం ఎక్కువగా పోవచ్చు.

కొందరికి బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్‌ పోయే ప్రిఎక్లాంప్సియా రావొచ్చు. అదుపు తప్పితే ఇది ఫిట్స్‌కు, అంటే గుర్రపువాతానికి దారితీస్తుంది. బిడ్డకు హైడ్రాప్స్‌ వచ్చినప్పుడు అరుదుగా తల్లికీ అలాగే ఒళ్లంతా నీరు పడుతుంది. అద్దంలో ప్రతిబింబంలా బిడ్డ పరిస్థితి తల్లిలో కనిపిస్తుంది కాబట్టే దీన్ని మిర్రర్‌ సిండ్రోమ్‌ అంటారు. ఇందులో తల్లి ఊపిరితిత్తుల్లోకీ నీరు చేరే ప్రమాదముంది. ‘నెలలు నిండుతున్నాయి, నీరు పట్టటం మామూలే’ అనుకొని ఇంట్లో ఉండిపోతే ప్రాణాల మీదికి రావొచ్చు.

ఒకే సైజు, వేర్వేరు దారులు

గడ్డ సైజు ముఖ్యమే గానీ అదొక్కటే సరిపోదు. ఉదాహరణకు ఇద్దరు గర్భిణులకు 22వ వారంలో 6 సెం.మీ.ల గడ్డ బయటపడిందనుకుందాం. ఒకరి గడ్డలో రక్తప్రవాహం చాలా తక్కువగా ఉంది. ఉమ్మనీరు మామూలుగా ఉంది. బిడ్డ గుండె హాయిగా కొట్టుకుంటోంది. ఈమెకు తరచూ స్కాన్లు తప్ప వేరే చికిత్సేమీ అక్కర్లేకపోవచ్చు. రెండో ఆమె గడ్డకు బొడ్డుతాడు దగ్గర నుంచే లావాటి నాళం అందుతోంది. రెండు వారాల్లో ఉమ్మనీరు పెరిగింది, బిడ్డ గుండె కాస్త పెద్దగా కనిపిస్తోంది. ఈమెను వెంటనే గర్భస్థ శిశు వైద్య నిపుణుల దగ్గరికి పంపాల్సి ఉంటుంది.

కొన్ని గడ్డల్లో రక్తనాళాలు వాటంతటవే పూడుకుపోవటమూ ఉంది. అప్పుడు గడ్డ ఉన్నా కూడా బిడ్డ మీద భారం తగ్గిపోతుంది. ఇలా ఏ గడ్డ ఎటు మళ్లుతుందో మొదటి స్కాన్‌లోనే చెప్పలేరు. అందుకే ఒక్క స్కాన్‌ రిపోర్టు చూసి ధైర్యపడటానికీ లేదు, అధైర్యపడటానికీ లేదు.

ఎలా గుర్తిస్తారు?

చిన్న గడ్డలు చాలావరకు స్కాన్‌కు దొరకవు. కాస్త పెద్దవి ఎక్కువగా అయిదో నెల స్కాన్‌లోనో, ఆ తర్వాతో బయటపడుతుంటాయి. మాయలో బిడ్డ వైపు ఉబ్బెత్తుగా, తరచూ బొడ్డుతాడు అతుక్కునే చోటుకు దగ్గరగా, స్పష్టమైన అంచుతో గుండ్రంగా కనిపిస్తాయి. అయితే మాయలో రక్తం గూడుకట్టినా, గర్భసంచి గోడకు ఫైబ్రాయిడ్‌ ఉన్నా ఇలాగే అనిపించొచ్చు. వీటి మధ్య తేడా తేల్చేది కలర్‌ డాప్లర్‌. కోరియోఆంజియోమా అయితే గడ్డలో రక్తం పారుతూ కనిపిస్తుంది. గూడుకట్టిన రక్తమైతే ప్రవాహమేమీ ఉండదు. మామూలు స్కాన్‌లో స్పష్టత రాకపోతే కొందరికి ఎమ్మారై అవసరమవుతుంది.

గడ్డ పెద్దదని తేలితే తర్వాతి పరీక్షలు బిడ్డ మీద దృష్టి పెడతాయి. వీటిలో కీలకమైంది బిడ్డ మెదడులోని ఒక రక్తనాళంలో రక్తం పారే వేగాన్ని కొలవటం. రక్తం పలుచబడినకొద్దీ వేగంగా పారుతుంది. ఆ నెలకు ఉండాల్సిన సగటు వేగం కన్నా ఒకటిన్నర రెట్లు మించితే బిడ్డకు రక్తహీనత ఉండొచ్చని అనుమానిస్తారు. సూది గుచ్చకుండా, బిడ్డను ఏమాత్రం ఇబ్బంది పెట్టకుండా చేసే పరీక్ష ఇది. దీనితో పాటు ఫీటల్‌ ఎకో ద్వారా బిడ్డ గుండె సైజు, పనితీరు చూస్తారు. ఉమ్మనీటి లోతు, బిడ్డ బరువు, ఒంట్లో ఎక్కడైనా నీరు చేరిందా అన్నవీ పరిశీలిస్తారు.

ఎన్నాళ్లకోసారి చూపించుకోవాలి?

గడ్డ చిన్నగా ఉండి, మిగతావన్నీ బాగుంటే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకోసారి స్కాన్‌ సరిపోతుంది. 4-5 సెం.మీ.లు దాటినా, రక్తప్రవాహం ఎక్కువగా ఉన్నా వారం, రెండు వారాలకోసారి చూడాల్సి ఉంటుంది. ఏ కొంచెం మార్పు కనిపించినా ఈ గడువు ఇంకా తగ్గుతుంది. డాక్టర్‌ ‘రెండు వారాల తర్వాత రండి’ అంటే రెండు వారాలకే వెళ్లాలి. మంచిరోజు చూసుకొనో, పండగ అయ్యాకనో అని వాయిదా వేయొద్దు. బిడ్డ గుండె అలసిపోవటానికి ఎక్కువ రోజులు అక్కర్లేదు.

మన ఇళ్లలో దీనికి మరో చిక్కుంది. సీమంతం కాగానే గర్భిణిని పుట్టింటికి తీసుకెళ్లటం ఆనవాయితీ. సరిగ్గా నిఘా ఎక్కువగా అవసరమయ్యే ఏడో నెలలోనే డాక్టర్‌ మారిపోతుంటారు. పాత రిపోర్టులు అత్తింటి బీరువాలోనే ఉండిపోతాయి. కొత్త చోట స్కాన్‌ చేసేవారికి గడ్డ మునుపు ఎంతుందో తెలియక, పెరిగిందో లేదో చెప్పలేకపోతారు. కాబట్టి పుట్టింటికి వెళ్లాలనుకుంటే ముందే అక్కడి డాక్టర్‌తో మాట్లాడి ఉంచుకోవాలి. ఫైలు మొత్తం వెంట తీసుకెళ్లాలి. గడ్డ పెద్దదైతే, ఇబ్బందులు మొదలైతే అన్ని వసతులున్న ఊళ్లోనే ఉండిపోవటం మేలు.

చికిత్స ఏమిటి?

గడ్డను కరిగించే మాత్రలంటూ ఏమీ లేవు. బిడ్డ కడుపులో ఉండగా దాన్ని కోసి తీసేయటమూ కుదరదు. కాబట్టి చికిత్స అంతా గడ్డ తెచ్చిపెట్టే ఇబ్బందుల్ని తగ్గిస్తూ, బిడ్డను వీలైనన్ని ఎక్కువ వారాలు కడుపులో సురక్షితంగా ఉంచటం మీదే ఆధారపడి ఉంటుంది.

ఉమ్మనీరు తీయటం: నీరు మరీ ఎక్కువై తల్లికి ఆయాసం వస్తున్నా, నొప్పులు మొదలయ్యేలా ఉన్నా స్కాన్‌లో చూస్తూ సన్నటి సూదితో కొంత నీటిని తీసేస్తారు. దీంతో వెంటనే ఉపశమనం కలుగుతుంది. కానీ మూలకారణం అలాగే ఉంటుంది కాబట్టి నీరు మళ్లీ చేరొచ్చు.

మందులు: ఉమ్మనీరు తగ్గటానికి కొందరికి ఇండోమెథాసిన్‌ ఇస్తారు. ఇది బిడ్డ గుండె దగ్గరి ఒక ముఖ్యమైన రక్తనాళాన్ని కుంచించుకుపోయేలా చేసే ప్రమాదముంది. అందుకే సాధారణంగా 32 వారాల లోపే, కొద్దిరోజులే, స్కాన్లతో గమనిస్తూ వాడతారు. సొంతంగా మందుల దుకాణంలో కొని వేసుకోవటం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు.

కడుపులో బిడ్డకు రక్తం ఎక్కించటం: వినటానికి వింతగా ఉన్నా ఇది కొత్తదేమీ కాదు. న్యూజిలాండ్‌కు చెందిన డాక్టర్‌ విలియం లైలీ 1963లోనే తల్లి కడుపులోని బిడ్డకు రక్తం ఎక్కించారు. తల్లీబిడ్డల రక్తం పొసగని వేరే సమస్యకు ఆయన ఈ మార్గం కనిపెట్టారు. ఇప్పుడు స్కాన్‌ సాయంతో సూదిని నేరుగా బొడ్డుతాడులోని రక్తనాళంలోకి పంపి, తల్లి రక్తంతో సరిపోల్చిన రక్తాన్ని ఎక్కిస్తున్నారు. కోరియోఆంజియోమాతో రక్తహీనత బారినపడ్డ బిడ్డల్నీ ఇది ఆదుకుంటోంది. గడ్డ అలాగే ఉంటుంది కాబట్టి కొందరికి ఒకటి కన్నా ఎక్కువసార్లు ఎక్కించాల్సి రావొచ్చు.

గడ్డకు రక్తం అందకుండా చేయటం: బిడ్డ గుండె అలసిపోతోందని తేలి, కాన్పు చేయటానికి ఇంకా సమయం కానప్పుడు ఆలోచించే మార్గమిది. తల్లి పొట్ట మీదుగా సన్నటి గొట్టాన్ని పంపి, గడ్డకు రక్తం అందిస్తున్న నాళాన్ని లేజర్‌తో మూసేస్తారు. కడుపు లోపలికి కెమెరా గొట్టాన్ని పంపి ఇలా గడ్డకు రక్తం ఆపటం 1990ల నుంచీ వైద్య పత్రికల్లో నమోదవుతోంది. కొందరికి ఆల్కహాల్‌ ఇంజెక్షన్‌తోనో, నాళంలో సన్నటి తీగచుట్టలు పెట్టో పూడ్చేస్తారు. అయితే ఇవి ప్రమాదం లేని చికిత్సలేమీ కావు. రక్తస్రావం కావొచ్చు, ఉమ్మనీరు పోవొచ్చు, బిడ్డకు అవసరమైన మంచి నాళాలూ దెబ్బతినొచ్చు. గడ్డ బొడ్డుతాడుకు మరీ దగ్గరగా ఉంటే ఇంకా కష్టం. కాబట్టి బిడ్డ బాగున్నప్పుడు ముందు జాగ్రత్త పేరుతో వీటి జోలికి వెళ్లరు. అనుభవమున్న నిపుణులే వీటిని చేయాలి.

కాన్పు ఎప్పుడు, ఎక్కడ?

చిన్న గడ్డ ఉండి, అంతా బాగుంటే నెలలు నిండే వరకూ ఆగొచ్చు. మామూలు కాన్పూ అవుతుంది. గడ్డ ఉన్నంత మాత్రాన సిజేరియన్‌ చేయాలనేమీ లేదు. గడ్డ పెద్దదై, బిడ్డకు ఇబ్బంది ఎక్కువవుతుంటే మాత్రం ఒక లెక్క చూసుకోవాల్సి ఉంటుంది. లోపలే ఉంచితే గుండె ప్రమాదం, బయటకు తీస్తే నెలలు నిండని ప్రమాదం. సుమారు 32-34 వారాలు దాటితే చాలామందిలో లోపల చికిత్స చేయటం కన్నా కాన్పు చేయటమే మేలవుతుంది. ముందే కాన్పు చేయాల్సి వచ్చేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి స్టిరాయిడ్‌ ఇంజెక్షన్లు ఇస్తారు.

ఎక్కడ కాన్పు అన్నదీ ముఖ్యమే. నెలలు నిండని పిల్లల్ని చూసే ఐసీయూ, బిడ్డకు వెంటనే రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కించే వసతి, తల్లికి రక్తస్రావమైతే ఆదుకోవటానికి బ్లడ్‌బ్యాంకు ఉన్న ఆసుపత్రిని ముందే ఎంచుకోవాలి. పుట్టాక బిడ్డను అంబులెన్సులో తరలించటం కన్నా, కడుపులో ఉండగానే తల్లి అక్కడికి చేరుకోవటం ఎంతో సురక్షితం.

తల్లి రక్తం నెగెటివ్‌ గ్రూపుదైతే మరో జాగ్రత్త. గడ్డ మూలంగా బిడ్డ రక్తం మామూలు కన్నా ఎక్కువగా తల్లి రక్తంలో కలిసి ఉండొచ్చు. కాబట్టి యాంటీ-డి ఇంజెక్షన్‌ మామూలు మోతాదు సరిపోతుందో లేదో రక్తపరీక్షతో చూసుకోవాలి.

కాన్పు తర్వాత...

పుట్టగానే బిడ్డకు హిమోగ్లోబిన్‌, ప్లేట్‌లెట్లు పరీక్షిస్తారు. గుండె పెద్దగా ఉందేమో చూస్తారు. గడ్డతో సంబంధం తెగిపోవటంతో గుండె మీది అదనపు భారం తొలగిపోతుంది. తట్టుకొని బయటపడ్డ పిల్లల్లో చాలామంది గుండె క్రమంగా తేరుకుంటుంది. కొందరు పిల్లలకు చర్మం మీదో, లోపలి అవయవాల్లోనో అలాంటి రక్తనాళాల గడ్డలు ఉండొచ్చు కాబట్టి డాక్టర్‌ ఒకసారి ఒళ్లంతా పరిశీలిస్తారు.

మాయను మాత్రం పారేయనివ్వొద్దు. మాయను పూడ్చిపెట్టే ఆచారం ఉన్నవారు ఈ సంగతి ఇంట్లో పెద్దలకు ముందే చెప్పి ఉంచాలి. దాన్ని ప్రయోగశాలకు పంపి పరీక్షించినప్పుడే అది కోరియోఆంజియోమాయేనా అన్నది కచ్చితంగా తేలుతుంది. బిడ్డను కోల్పోయినప్పుడు ఈ పరీక్ష మరింత అవసరం. ఎందుకిలా జరిగిందని ఆ తల్లి జీవితాంతం తనను తాను నిందించుకోకుండా ఉండటానికి ఆ రిపోర్టే సమాధానమవుతుంది.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన లక్షణాలు

• కొద్దిరోజుల్లోనే పొట్ట బాగా పెరగటం, బిగుసుకుపోవటం, పడుకుంటే ఆయాసం
• బిడ్డ కదలికలు తగ్గటం లేదా తెలియకపోవటం
• నెలలు నిండకుండానే ఆగి ఆగి నొప్పులు, నడుం నొప్పి
• ఉమ్మనీరు పోవటం, రక్తస్రావం
• ముఖం, చేతులు ఉబ్బటం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారటం

వీటిలో ఏది కనిపించినా తర్వాతి స్కాన్‌ తేదీ వరకూ ఆగొద్దు. రాత్రయినా సరే అప్పుడే వెళ్లాలి.

డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు

• గడ్డ ఇప్పుడు ఎన్ని సెం.మీ.లుంది? గతసారి కన్నా పెరిగిందా?
• గడ్డలో రక్తప్రవాహం ఎక్కువగా ఉందా?
• బొడ్డుతాడుకు ఎంత దూరంలో ఉంది?
• ఉమ్మనీరు, బిడ్డ గుండె, బిడ్డ మెదడు నాళంలో రక్తవేగం ఎలా ఉన్నాయి?
• మళ్లీ ఏ తేదీన రావాలి? కాన్పు ఎక్కడ చేయించుకోవాలి?

సందేహాలు - సమాధానాలు

నీళ్లు తక్కువ తాగితే ఉమ్మనీరు తగ్గుతుందా?
తగ్గదు. ఇక్కడ నీరు పెరిగేది గడ్డ మూలంగా, బిడ్డ రక్తప్రవాహంలో తేడా మూలంగా. నీళ్లు మానేస్తే తల్లి నీరసించిపోవటం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

పూర్తిగా మంచం మీదే విశ్రాంతి తీసుకోవాలా?
విశ్రాంతితో గడ్డ తగ్గదు. చిన్న గడ్డ ఉన్నవారు మామూలు పనులు చేసుకోవచ్చు. ఉమ్మనీరు పెరిగినా, నొప్పులు వస్తున్నా డాక్టర్‌ చెప్పినట్టు నడుచుకోవాలి.

ఎక్కువసార్లు స్కాన్‌ చేస్తే బిడ్డకు హానికరమా?
అల్ట్రాసౌండ్‌లో ఎక్స్‌రేల మాదిరి రేడియేషన్‌ ఉండదు. అవసరం మేరకు డాక్టర్‌ చెప్పిన స్కాన్లు చేయించుకోవటానికి భయపడక్కర్లేదు. ఈ సమస్యలో మానేసిన స్కానే అసలు ప్రమాదం.

మళ్లీ గర్భం దాల్చితే ఇదే వస్తుందా?
మళ్లీ రావటం చాలా అరుదు. అయినా ఈసారి వచ్చిన సంగతి, మాయ పరీక్ష రిపోర్టు తర్వాతి గర్భంలో మొదటిసారి చూపించుకునేటప్పుడే డాక్టర్‌కు చెప్పాలి. అప్పుడు అయిదో నెల స్కాన్‌లో బిడ్డతో పాటు మాయనూ ఒకింత శ్రద్ధగా చూస్తారు.